పదిలో వెనకబడితే కాలేజీ దారి మూసుకుపోతుందా? అపోహలు - వాస్తవాలు

టెన్త్ ఫలితాలు వచ్చిన వారంలో నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో చాలా ఇళ్లల్లో ఒకే మాట వినపడుతుంది: "వీడికి చదువు అబ్బదు, పనిలో పెట్టేద్దాం." చీమకుర్తి వైపు వాళ్లయితే క్వారీ, తీరం వెంబడి అయితే రొయ్యల చెరువులు, కనిగిరి, పామూరు వైపు అయితే హైదరాబాదుకో బెంగళూరుకో బస్సు. ఆ నిర్ణయానికి కారణం పేదరికం ఒక్కటే కాదు. దారి మూసుకుపోయిందని ఎవరో చెప్పిన మాట నమ్మి పంపేవాళ్లు ఎక్కువ. పాఠాలు చెప్పే పనిలో, అడ్మిషన్ల పనిలో ఉన్న మాకు ఏటా ఎదురయ్యే అపోహలను ఇక్కడ రాస్తున్నాం.

అపోహ: ఎనిమిది, తొమ్మిదిలో మార్కులు లేని పిల్లలకు కాలేజీలో సీటివ్వరు.

వాస్తవం: ఆ మార్కులు ఏ కాలేజీ అడగదు. టెన్త్ మెమోలో అవి ఉండవు. 2019-20 నుంచి మన రాష్ట్రంలో పదిలో ఇంటర్నల్ మార్కులు కూడా తీసేశారు. కాబట్టి ఏడాది మధ్యలో బడిలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షల్లో సున్నా వచ్చినా పబ్లిక్ పరీక్ష మార్కులే మార్కులు. అయితే ఆ రెండేళ్లలో వదిలేసిన పాఠం మాత్రం వెంటాడుతుంది. పదో తరగతి లెక్కల్లో చతికిలపడే పిల్లల నోట్సు తిరగేస్తే తప్పు పదో తరగతి పాఠంలో కనపడదు. మైనస్ గుర్తుల కూడికలోనో, భిన్నాల్లోనో, కారణాంకాల్లోనో కనపడుతుంది. రోజుకు గంట చొప్పున మూడు నాలుగు వారాలు ఏడు, ఎనిమిది తరగతుల పుస్తకాల్లోని ఈ మూడు అధ్యాయాలు చేయించండి. నామోషీ అనుకోవద్దు. దీన్ని దాటేసి నేరుగా గైడు బట్టీ పట్టిస్తే అంకెలు మార్చి అడిగిన లెక్క దగ్గర ఆగిపోతారు.

అపోహ: లెక్కలు రానివాళ్లు టెన్త్ గట్టెక్కలేరు.

వాస్తవం: ముందు పేపరు ఎలా ఉంటుందో చూడండి. మొత్తం 33 ప్రశ్నలు. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. అంటే 12, 16, 32, 40 కలిపి 100. పాసవడానికి 35 చాలు. ఒకటి, రెండు మార్కుల ప్రశ్నలే కలిపి 28. వాటిలో 18 తెచ్చుకుని, పెద్ద ప్రశ్నల్లో రెండు మూడింటికి సగం మార్కులు తెచ్చుకున్నా పాస్ గీత దగ్గరికి వచ్చేస్తారు. వెనకబడిన పిల్లలు చేసే పెద్ద పొరపాటు మొదటి అధ్యాయంతో మొదలుపెట్టి వరుసగా పోవడం. రెండో మూడో అధ్యాయానికే విసుగొచ్చి పుస్తకం మూసేస్తారు. పాత పాఠాల అవసరం తక్కువగా ఉన్న సాంఖ్యక శాస్త్రం, సంభావ్యతతో మొదలుపెట్టాలి. తర్వాత నిరూపక జ్యామితిలో దూరం, మధ్యబిందువు సూత్రాలు. ఆ తర్వాతే వర్గ సమీకరణాలు.

ఈ సులువు పాఠాల్లో కూడా మార్కులు ఎక్కడ పోతాయో చెప్తాం. మధ్యగతం లెక్క తీసుకోండి. మొత్తం 50 మంది, అందులో సగం 25. 40-50 తరగతికి ముందు వరకు సంచిత పౌనఃపున్యం 17, ఆ తరగతి పౌనఃపున్యం 16. సూత్రంలో తీసివేయాల్సింది ముందు తరగతి దగ్గరున్న 17. 25 లోంచి 17 పోతే 8, దాన్ని 16తో భాగించి, తరగతి పొడవు 10తో గుణిస్తే 5. దిగువ హద్దు 40కి కలిపితే జవాబు 45. చాలామంది అదే వరుసలో కనపడే 33 (17కి 16 కలిపితే వచ్చేది) తీసివేస్తారు. అప్పుడు జవాబు 35 వస్తుంది. అది 40-50 తరగతిలో లేదు కాబట్టి తప్పని అక్కడే తెలిసిపోవాలి. జవాబు తరగతి లోపలే ఉందో లేదో సరిచూసుకోవడం ఒక్కటి నేర్పితే ఆ ప్రశ్న చేజారదు. జవాబు తప్పినా పట్టిక, సూత్రం, ప్రతిక్షేపణ రాసినవాళ్లకు వాటి మార్కులు వాటికి ఉంటాయి. ఖాళీగా వదిలేసిన పేజీకి మాత్రం ఎవరూ ఏమీ ఇవ్వలేరు.

హిందీ భయంతో బడి మానేసేవాళ్లూ ఉన్నారు. రెండో భాషగా హిందీకి పాస్ మార్కు 20 అని వాళ్లలో చాలామందికి తెలియదు.

అపోహ: టెన్త్ ఫెయిలైతే ఏడాది పోయినట్టే.

వాస్తవం: ఫలితాలు వచ్చిన కొద్ది వారాలకే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు పెడతారు. తప్పిన సబ్జెక్టులు రాస్తే చాలు, పాసైనవి మళ్లీ రాయనక్కర్లేదు. అందులో పాసైనవాళ్లు అదే ఏడాది ఇంటర్‌లో చేరవచ్చు. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో రెండో విడత అడ్మిషన్లు జరిగేది ఎక్కువగా వీళ్ల కోసమే. ఇక్కడ దెబ్బతినేది ఫీజు గడువు దగ్గర. ఫలితాలు వచ్చాక ఫీజు కట్టడానికి ఇచ్చే రోజులు చాలా తక్కువ. పిల్లవాడు అలిగి అమ్మమ్మ ఊరు వెళ్లి తిరిగొచ్చేసరికి గడువు దాటిపోతుంది. ఫలితం చూసిన మర్నాడే హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లండి.

రెండు మూడు మార్కుల్లో తప్పినవాళ్లు రీవెరిఫికేషన్, అంటే జవాబు పత్రం మళ్లీ చూడమని దరఖాస్తు పెట్టుకుంటారు. పెట్టుకోండి, కానీ దాని ఫలితం కోసం సప్లిమెంటరీ ఫీజు కట్టకుండా ఆగొద్దు. రెండూ కట్టి చదువుతూ ఉండాలి. రీవెరిఫికేషన్‌లో పాసైతే మంచిదే, కాకపోయినా చేతిలో పరీక్ష ఉంటుంది.

అపోహ: ఓపెన్ టెన్త్, ఓపెన్ ఇంటర్ సర్టిఫికెట్లు పైచదువులకు పనికిరావు.

వాస్తవం: ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం, అంటే మనం ఓపెన్ స్కూల్ అనేది, ప్రభుత్వ సంస్థ. దాని టెన్త్ రెగ్యులర్ టెన్త్‌తో సమానం, దాని ఇంటర్ రెగ్యులర్ ఇంటర్‌తో సమానం. టెన్త్‌లో చేరడానికి కనీస వయసు 14 ఏళ్లు, ఇంటర్‌కు 15. టెన్త్‌కు ఐదు సబ్జెక్టులు. రెగ్యులర్‌గా రాసి కొన్ని సబ్జెక్టులు పాసైనవాళ్లు వాటిలో రెండింటి మార్కులు ఇక్కడికి బదిలీ చేయించుకోవచ్చు. ఎంపిక చేసిన హైస్కూళ్లు, కాలేజీలే స్టడీ సెంటర్లు. తరగతులు ఆదివారాలు, సెలవు రోజుల్లో ఉంటాయి కాబట్టి పనికి వెళ్లేవాళ్లకూ కుదురుతుంది.

ఇందులో అసలు ప్రమాదం సబ్జెక్టుల ఎంపిక. లెక్కలు, సైన్స్ కష్టమని వదిలేసి సులువైనవి పెట్టుకుంటే టెన్త్ పాసవుతారు, నిజమే. పాలిటెక్నిక్‌లో మాత్రం చేరలేరు, ఎందుకంటే దాని ప్రవేశ పరీక్ష పాలిసెట్‌కు లెక్కలు, సైన్స్ పాసై ఉండాలి. అప్లికేషన్ నింపే రోజే మూడేళ్ల తర్వాత ఏం చదవాలో ఆలోచించాలి. నెట్ సెంటర్లో కుర్రాడు టిక్కు పెట్టేసిన సబ్జెక్టులతో జీవితం నడవకూడదు. ఒకటికి రెండుసార్లు చదివి సంతకం పెట్టండి.

దళారుల సంగతీ చెప్పాలి. "చేరితే చాలు, పాస్ మా గ్యారంటీ" అని వేలల్లో డబ్బు అడుగుతారు. ఫీజు అధికారిక వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌లోనే కట్టాలి, రసీదు మీ దగ్గరే ఉండాలి. పేరు వినని ఉత్తరాది బోర్డు సర్టిఫికెట్‌ను నెల రోజుల్లో తెచ్చిస్తామనేవాళ్లను ఇంటి గడప తొక్కనివ్వకండి. ఆ కాగితం కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్ల తనిఖీ దగ్గర తేలిపోతుంది. అప్పటికి డబ్బుతో పాటు రెండు మూడేళ్లు పోయి ఉంటాయి.

అపోహ: పదిలో తక్కువ మార్కులొస్తే ఇంజినీరింగ్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

వాస్తవం: ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష అయిన ఏపీ ఈఏపీసెట్ ర్యాంకులో టెన్త్ మార్కుల వాటా ఏమీ లేదు. 160 మార్కుల ప్రవేశ పరీక్షకు 75 శాతం, ఇంటర్ గ్రూప్ సబ్జెక్టుల (లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ) మార్కులకు 25 శాతం వెయిటేజీ. అంటే గ్రూప్‌లో 60 శాతం వస్తే 25కి 15, 80 శాతం వస్తే 20. సీటుకు అర్హత రావాలంటే గ్రూప్ సబ్జెక్టుల్లో ఓసీలకు 45 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం ఉండాలి. ప్రవేశ పరీక్షలో నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలకూడదు. ఓపెన్ స్కూల్, సీబీఎస్‌ఈ పిల్లలు ఒక పని మరవకూడదు. స్టేట్ బోర్డు మార్కులు వాటంతట అవే చేరతాయి గానీ వీళ్ల మార్కులను డిక్లరేషన్ ఫారంలో వీళ్లే ఆన్‌లైన్‌లో ఇవ్వాలి. ఇవ్వకపోతే పరీక్ష బాగా రాసినా ర్యాంకు రాదు.

టెన్త్ మార్కులు లెక్కలోకి వచ్చే చోట్లు కూడా దాచకుండా చెప్పాలి. ఒంగోలుతో సహా నాలుగు ట్రిపుల్ ఐటీల్లో సీట్లు టెన్త్ మార్కులతోనే ఇస్తారు, అదీ మొదటిసారే పాసైనవాళ్లకు. ఐటీఐ సీటుకూ, పోస్టాఫీసు గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగానికీ టెన్త్ మార్కులే ఆధారం. ట్రిపుల్ ఐటీ పోయిందని ఏడ్చే పిల్లలకు ఒక్కటే మాట: ఇంజినీరింగ్‌కు అదొక్కటే దారి కాదు.

అపోహ: పాలిటెక్నిక్ సీటు ఫస్ట్ క్లాసు వాళ్లకే.

వాస్తవం: టెన్త్‌లో 35 శాతంతో పాసైతే పాలిసెట్ రాయొచ్చు, సీటు పాలిసెట్ ర్యాంకుతోనే. రెండు గంటల పరీక్ష, 120 మార్కులు: లెక్కలు 50, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 30. అర్హత మార్కు 36, ఎస్సీ, ఎస్టీలకు ఆ నిబంధన లేదు. సిలబస్ టెన్త్‌దే. ప్రశ్నలు తెలుగులోనూ ఉంటాయి. సగం సగం చదివి టెన్త్ గట్టెక్కిన పిల్లవాడు వేసవిలో కష్టపడితే నెల్లూరు ప్రభుత్వ పాలిటెక్నిక్‌లోనో ఒంగోలు డీఏ ప్రభుత్వ పాలిటెక్నిక్‌లోనో చేరే అవకాశం నిజంగానే ఉంది. మూడేళ్ల డిప్లొమా తర్వాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. మా అభిప్రాయంలో చేతిపని మీద ఆసక్తి ఉన్న పిల్లలకు, రోజంతా బట్టీ పట్టించే ఇంటర్ హాస్టళ్ల కన్నా ఇదే మేలైన దారి.

అపోహ: ఇంటర్ ఫస్టియర్ తప్పితే సెకండియర్‌కు పంపరు.

వాస్తవం: పంపుతారు. తప్పిన సబ్జెక్టులు మేలో సప్లిమెంటరీలో రాయొచ్చు, అప్పుడూ తప్పితే సెకండియర్ పరీక్షలతో కలిపి రాయొచ్చు. పాసైనా మార్కులు తక్కువని బాధపడేవాళ్లకు బెటర్‌మెంట్, అంటే అదే పరీక్ష మళ్లీ రాసుకునే వీలు ఉంది. రెండింటిలో ఏది ఎక్కువైతే అదే లెక్క. ఈఏపీసెట్‌లో పాతిక శాతం వెయిటేజీ ఉంది కాబట్టి ఫస్టియర్‌లో తడబడిన వాళ్లు దీన్ని వదులుకోకూడదు.

అపోహ: ఇంటర్‌లో సీఈసీ (కామర్స్, ఎకనామిక్స్, సివిక్స్), హెచ్ఈసీ (హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్), ఒకేషనల్ అంటే మొద్దు పిల్లలకు.

వాస్తవం: ఈ మాట అనే పెద్దవాళ్ల వల్లే లెక్కలంటే భయమున్న పిల్లలు ఎంపీసీలో చేరి రెండేళ్లు నలిగిపోతున్నారు. సీఈసీ నుంచి బీకాం, సీఏ ఫౌండేషన్, లాసెట్ రాసి ఐదేళ్ల లా చదవొచ్చు. డీఈఈసెట్ రాసి పల్లిపాడు, మైనంపాడు డైట్‌లలో ఉపాధ్యాయ శిక్షణకూ వెళ్లొచ్చు. ఒకేషనల్ చదివినవాళ్లు బ్రిడ్జి కోర్సు (అదనంగా చదివే లెక్కలు, సైన్స్ పేపర్లు) పాసైతే తమ కోర్సును బట్టి ఈఏపీసెట్‌కు కూడా అర్హులవుతారు. చేరేటప్పుడే బ్రిడ్జి కోర్సు ఉందా, పాఠాలు ఎవరు చెప్తారు అని ప్రిన్సిపాల్‌ను అడగండి. పేరుకు ఉండి పాఠాలు జరగని చోట చేరితే ఆ అర్హత కాగితం మీదే ఉంటుంది.

అపోహ: ముందు మార్కులు రానీ, సర్టిఫికెట్లు తర్వాత చూసుకోవచ్చు.

వాస్తవం: కౌన్సెలింగ్‌లో 85 శాతం సీట్లు లోకల్ వాళ్లవి. ఇక్కడే మన రెండు జిల్లాలకు తేడా ఉంది. ఉమ్మడి నెల్లూరు జిల్లా శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ పరిధిలోకి వస్తుంది, ఉమ్మడి ప్రకాశం ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలోకి. అర్హత పరీక్షతో (ఇంజినీరింగ్‌కైతే ఇంటర్‌తో) ముగిసే నాలుగేళ్లు వరుసగా ఎక్కడ చదివారన్నదే ముఖ్యం. అందుకే ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. నాలుగైదు బళ్లు మారిన పిల్లలకు, పొదిలి, దర్శి, కనిగిరి నుంచి బెంగళూరు పనులకు వెళ్లి మళ్లీ వచ్చిన కుటుంబాల పిల్లలకు ఇదే పెద్ద చిక్కు. మూతపడిన ప్రైవేటు బడి సర్టిఫికెట్ కావాలంటే మండల విద్యాశాఖాధికారి ఆఫీసులో అడగాలి, దానికి రోజులు పడుతుంది. ఓపెన్‌లో చదివి బడికి వెళ్లని ఏళ్లకు స్టడీ సర్టిఫికెట్ ఉండదు కాబట్టి తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం చూపాలి.

కుల, ఆదాయ ధ్రువపత్రాలకు సచివాలయంలో ముందుగానే దరఖాస్తు చేయండి. మానేసిన కాలేజీ నుంచి టీసీ, ఒరిజినల్ టెన్త్ మెమో వెనక్కి తెచ్చుకోండి. మెమోలో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో అక్షరం అక్షరం సరిపోవాలి. తేడా టెన్త్ మెమోలో ఉంటే సవరణ హెడ్మాస్టరు ద్వారా డీఈవో (జిల్లా విద్యాశాఖాధికారి) ఆఫీసు మీదుగా పరీక్షల విభాగానికి వెళ్లాలి, కాబట్టి ఇంటర్‌లో చేరిన మొదటి ఏడాదే ఆ పని పూర్తి చేయించండి.