బండి మీదే ఎందుకు వెళ్ళేవాడివి తాతయ్యా అని అడిగారు కదా

పెదవాల్తేరు,
విశాఖపట్నం.

చిన్నోడికీ అమ్మలుకీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో చిన్నోడు అడిగాడు కదా, జగదల్‌పూర్‌కి కిరండూల్ రైలుంది, కారైతే ఏసీలో హాయిగా పోవచ్చు, మరి రోజంతా బండి మీద ఎందుకు తాతయ్యా అని, ఈలోపు మీ నాయనమ్మ భోజనానికి పిలిచేసింది. అప్పట్నుంచీ ఆ ప్రశ్న నా బుర్రలోనే తిరుగుతోంది, ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతాను అందుకే కూర్చుని రాస్తున్నా.

1993 నవంబర్‌లో నేనూ నాయనమ్మా హీరో హోండా సీడీ హండ్రెడ్ మీద ఇక్కడ్నుంచి జగదల్‌పూర్ వెళ్ళాం, దాదాపు 300 కిలోమీటర్లు. వంద సీసీ బండి, ఇద్దరం మనుషులం, వెనకాల తాడుతో కట్టిన ఒక ఎయిర్‌బ్యాగు. విజయనగరం, గజపతినగరం, సాలూరు దాటి ఘాట్ ఎక్కితే సుంకి, పొట్టంగి, సెమిలిగుడ, కోరాపుట్, అక్కడ దిగితే జయపూర్ (రాజస్థాన్‌ది కాదు, ఒడిశాది), ఇంకా పోతే జగదల్‌పూర్. ఆ రోడ్డుని అప్పుడు 43వ నంబర్ హైవే అనేవాళ్ళం, ఇప్పుడు 26 అంటున్నారు. జగదల్‌పూర్ కూడా అప్పటికి మధ్యప్రదేశ్‌లోనే ఉండేది, ఛత్తీస్‌గఢ్ 2000లో కదా వచ్చింది.

బండి మీద వెళ్తే ముందు తెలిసేది చలి. గజపతినగరం దగ్గర చంపావతి దాటేటప్పుడు ఎండ చురుక్కుమంటోంది, నాయనమ్మ కొంగు తల మీద కప్పుకుంది. సాలూరు దాటి నాలుగు మలుపులు ఎక్కేసరికి చేతుల మీద వెంట్రుకలు లేచాయి, ఇంకాస్త పైకి పోయాక బండి ఆపి బ్యాగులోంచి స్వెట్టర్లు తీసుకున్నాం. వెయ్యి మీటర్లు ఎత్తుకి పోతే సుమారు 6 డిగ్రీలు తగ్గుతుందని మీకు స్కూల్లో చెప్పుంటారు, కోరాపుట్ ఎత్తు 870 మీటర్లు పైచిలుకే, అంటే ఆ పాఠం మొత్తం రెండు గంటల్లో నా ఒంటి మీదే జరిగిందన్నమాట. కార్లో అద్దాలు ఎత్తేసుకుని కూర్చుంటే ఇది తెలీదు, పైకి వెళ్ళాక డోర్ తీస్తే ఒక్కసారిగా చలేస్తుంది అంతే. వాసనలూ అంతే, కింద కోసిన వరి వాసన, ఘాట్‌లో తడి మట్టి, లారీల బ్రేకుల మాడు వాసన, పైన వలిసె పూలు, కొండవాలు మొత్తం పసుపు ఆరబోసినట్టుంటుంది.

ఇంకోటి భాష. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. మ్యాపులో ఆంధ్రాకీ ఒడిశాకీ మధ్య గీత ఉంటుంది కదా, రోడ్డు మీద ఆ గీత ఎక్కడా కనపడదు. బోర్డు మీద అక్షరాలు గుండ్రంగా ఒడియాలోకి మారిపోయినా సుంకిలో టీ పోసినాయన మాతో తెలుగులో మాట్లాడుతూనే పక్కాయనకి ఒడియాలో చిల్లర లెక్క చెప్తున్నాడు, కోరాపుట్‌లో తెలుగు కొంచెం పల్చబడింది, జయపూర్‌లో మళ్ళీ బజార్లో వినపడింది, జగదల్‌పూర్ వచ్చేసరికి హిందీ, సంతలో హల్బీ అని అక్కడి బస్తర్ వాళ్ళ భాష. ఎక్కడా టక్కున మారలేదు. మెల్లగా పోతూ ఊరూరా ఆగితే గానీ ఇది పట్టుబడదు, బండి మీద నూరు కిలోమీటర్లకోసారైనా ఆగక తప్పదు కదా, నడుం పట్టేస్తుంది, ఆ ఆగడంలోనే ఉంది మజా అంతా.

సుంకి ఇంకా రాకముందే, ఎత్తు మలుపులో, నా ఎడం చేతిలో క్లచ్ ఒక్కసారిగా వదులైపోయింది. చూస్తే కేబుల్ హ్యాండిల్ దగ్గర తెగిపోయింది, లోపలి తీగ చివర సీసపు గుండు ఒకటుంటుంది, అది ఊడి పడిపోయింది. స్పేర్ లేదు. నాయనమ్మ రాయి మీద కూర్చుంది, ఏమీ అనలేదు గానీ ముఖం చూస్తే తెలుస్తోంది. పావుగంటకి సాలూరు లారీ ఒకటి వచ్చి ఆగింది, సాలూరంటే లారీల ఊరు కదా, క్లీనర్ కుర్రాడు దూకి వచ్చి "ఏటైంది బావూ, కేబులేనా" అన్నాడు. వాడు చేసిన పని చూడండి, లారీలోంచి కరెంటు వైర్లు కలిపే చిన్న కనెక్టర్ తెచ్చాడు, పైన ప్లాస్టిక్ కోసేసి లోపల ఇత్తడి గొట్టం తీశాడు, మన కేబుల్ తీగని కింద ఇంజన్ దగ్గర లూజ్ చేసి పైకి లాగి, ఆ గొట్టంలో దూర్చి స్క్రూ బిగించాడు, చివర మడిచి ఇంకోసారి బిగించాడు. ఊడిపోయిన గుండుకి బదులు ఇత్తడి గుండు! పది నిమిషాల పని. డబ్బులిస్తే తీసుకోలేదు, "పైన ఎవులైనా ఆగిపోతే మీరూ ఆగండి" అన్నాడు. ఆ ఇత్తడి ముక్కతోనే జగదల్‌పూర్ వెళ్ళి, ఇంద్రావతి మీద చిత్రకోట్ జలపాతం చూసి, మళ్ళీ ఇంటికొచ్చాం. ఆ తర్వాత నేను పాత కేబుల్ పక్కనే కొత్త కేబుల్ ఒకటి వరసగా కట్టేసి ఉంచుకునేవాణ్ణి, తెగితే రెండు చివర్లు మార్చుకుంటే చాలు. ఆ ముక్క ఇప్పటికీ నా డ్రాయర్‌లో ఉంది, వచ్చినప్పుడు చూపిస్తా.

అమ్మలూ, నువ్వు మెల్లగా అడిగావు, ఆడపిల్లలు కూడా అంత దూరం నడపగలరా అని. 1916లో అమెరికాలో అగస్టా, అడెలైన్ వాన్ బ్యూరెన్ అని అక్కాచెల్లెళ్ళిద్దరు చెరొక మోటార్‌సైకిల్ మీద (‘ఇండియన్’ అని అమెరికా కంపెనీదే) న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలిస్ దాకా రెండు నెలలు నడుపుకుంటూ పోయారు, రోడ్లు అంటే చాలాచోట్ల బురదే. యుద్ధమొస్తే సైన్యానికి కబుర్లు మోసే పని ఆడవాళ్ళూ చేయగలరని చూపించాలని వాళ్ళ పట్టుదల. దారిలో ప్యాంట్లు వేసుకున్నారని పోలీసులు పట్టుకున్నారట, అయినా ఆగలేదు. కాబట్టి ఆ ప్రశ్న ఇంకెప్పుడూ మెల్లగా అడక్కు.

చిన్నోడా, నీకు 18 వచ్చి గేర్ల బండి లైసెన్స్ చేతికి వచ్చేదాకా వెనక సీటే. వెనక కూర్చోవడం కూడా నేర్చుకోవాల్సిన పనే. బండి స్పీడ్ మీద ఉన్నప్పుడు హ్యాండిల్ తిప్పితే తిరగదు, వాలితే తిరుగుతుంది, ఎడమ పక్కకి పోవాలంటే ఎడం చేతి వైపు హ్యాండిల్‌ని ముందుకి కొద్దిగా నెట్టాలి, నెట్టగానే బండి ఎడమకి వాలుతుంది, వెనకున్నవాళ్ళు కూడా బండితో పాటే వాలాలి. నాయనమ్మ మొదట్లో భయంతో ఎదురు పక్కకి వాలేది, మూడు మలుపులకి అలవాటైపోయింది. ఘాట్ దిగేటప్పుడు ఎక్కిన గేర్‌లోనే దిగాలి, ఇంజనే బండిని పట్టుకుంటుంది, ఊరికే బ్రేక్ తొక్కుతూ పోతే డ్రమ్ములు వేడెక్కి ఆఖరి మలుపులో పట్టవు. అరవై స్పీడ్‌లో ఒక్క సెకనుకి బండి 17 మీటర్లు పోతుంది, ఫోన్ వంక రెండు సెకన్లు చూశావంటే 33 మీటర్లు కళ్ళు మూసుకుని నడిపినట్టే, ఈ లెక్క మాత్రం గుర్తుపెట్టుకో. చీకటి పడితే ఎక్కడున్నా ఆగిపోవడమే.

ఆ రోజు నాకు హెల్మెట్ ఉంది, నాయనమ్మకి లేదు. అప్పట్లో వెనకున్నవాళ్ళకి ఎవరూ పెట్టేవాళ్ళు కాదు, అయినా అది నా తప్పే, ఇప్పటికీ తల్చుకుంటే గుండె గుబేలుమంటుంది.

డిసెంబర్ సెలవుల్లో రండి, వలిసె పూలు ఇంకా కొంచెం ఉంటాయి, అనంతగిరి మీదుగా అరకు దాకా ఒక్కొక్కర్ని ఒక్కోరోజు తీసుకెళ్తా. టైలర్ టేపు తీసుకుని కనుబొమ్మల పైన ఆనించి తల చుట్టూ కొలిచి, ఇద్దరి కొలతలూ సెంటీమీటర్లలో అమ్మ చేత మెసేజ్ పెట్టించండి. జుట్టు అణిచి కొలవాలి అమ్మలూ, జడ విప్పేసి. ఐఎస్ఐ మార్కు ఉన్న హెల్మెట్లు రెండు కొని ఉంచుతా.

మీ తాతయ్య