గ్యాస్కెట్ మార్చారు, బండి మళ్లీ ఎందుకు వేడెక్కుతోంది?

నా దగ్గరికి వచ్చే బండ్లలో ఈ రకం కథ మళ్లీ మళ్లీ వస్తుంది. ఒకసారి ఇంజిన్ బాగా వేడెక్కింది, ఎక్కడో హెడ్ (ఇంజిన్ పైభాగం) దించి, దాని కింద లీకులు రాకుండా ఉండే సీలు, అంటే గ్యాస్కెట్ మార్చారు, కొన్నాళ్లకే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) మళ్లీ తగ్గుతోంది. "ఇంజిన్ పోయినట్టేనా?" అని అడిగేవాళ్ల ముఖంలో టెన్షన్ చూస్తే బాధేస్తుంది. చాలాసార్లు పోదు. సగం పని జరిగి ఉంటుంది, అంతే.

అపోహ: కొత్త గ్యాస్కెట్ వేస్తే హెడ్ పని అయిపోయినట్టే.

వాస్తవం: గ్యాస్కెట్‌ను పాడుచేసిన ఆ వేడే అల్యూమినియం హెడ్‌నూ వంచి ఉండొచ్చు. వంగిన హెడ్ కింద ఎంత మంచి గ్యాస్కెట్ వేసినా నిలవదు. హెడ్ కింది ముఖం మీద తిన్నని పట్టీ అయిన స్ట్రెయిట్ ఎడ్జ్‌ను నిలువుగా, అడ్డంగా, ఐమూలగా పెట్టి, కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకు) దూరుతుందేమో చూడాలి. చాలా ఇంజిన్లకు హద్దు 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల మధ్యే, అంటే ఇంచుమించు వెంట్రుక మందం. కంటికి ఆనదు. దాటితే మెషిన్ మీద ఫేసింగ్ చేయించాలి, అంటే ముఖం చదును చేయించాలి. హెడ్ కూర్చునే బ్లాక్ పైముఖాన్నీ అలాగే చూడాలి, హెడ్‌లో పగులు ఉందేమో ప్రెషర్ టెస్ట్ చేయించాలి.

ఒక బండికి రెండుసార్లు గ్యాస్కెట్ మార్చాక నా దగ్గరికి తెచ్చారు. హెడ్ దించితే ముఖమంతా ఎమెరీ పేపర్‌తో రుద్దిన గీతలు. రెండో సిలిండర్‌కూ మూడో సిలిండర్‌కూ మధ్య 0.15 మిల్లీమీటర్ల ఫీలర్ సులువుగా దూరింది. బోల్టులు బిగిస్తే సాగే రకం, మళ్లీ వాడకూడనివి, వాటినే మళ్లీ వాడారు. నాకు కోపం వచ్చింది ఇందుకు కాదు. మొదట వేడెక్కడానికి కారణం రేడియేటర్ ఫ్యాన్ రిలే, అంటే ఫ్యాన్‌కు కరెంటు ఇచ్చే స్విచ్, పాడవడం. అది అలాగే ఉంది! ఇన్నాళ్లూ దాన్ని ఎవరూ చూడలేదు.

అందుకే హెడ్ దించే ముందే కారణం వెతకాలి. గ్యాస్కెట్ మీద అనుమానముంటే రేడియేటర్ మూతి దగ్గర పెట్టే నీలం ద్రవం పరీక్ష ఉంది. సిలిండర్లోని పొగ కూలెంట్లోకి వస్తుంటే పెట్రోల్ బండిలో ఆ ద్రవం పసుపు రంగుకు మారుతుంది. తర్వాత కంప్రెషన్, లీక్‌డౌన్ పరీక్షలు, అంటే సిలిండర్లు ఒత్తిడిని నిలుపుతున్నాయా అని చూసేవి. వీటి ఫలితాలు చూపించకుండా "ఇంజిన్ మార్చాలి" అంటే ఒప్పుకోకండి.

ఇక మిగతా అపోహలు. వేడిని బట్టి కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ తీసేస్తే సమస్య తీరదు. ఇంజిన్ వేడెక్కడం ఆలస్యమై ఇంధనం ఎక్కువ తాగుతుంది, అసలు లోపం అలాగే ఉంటుంది. లీకులు మూసే పొడి రేడియేటర్ సన్న గొట్టాలనూ మూసేయగలదు. చలిలో స్టార్ట్ చేయగానే తెల్ల ఆవిరి వస్తే భయపడొద్దు. ఇంజిన్ వేడెక్కాకా ఆగకుండా వస్తూ, కూలెంట్ కూడా తగ్గుతుంటే అనుమానించాలి.

టెంపరేచర్ ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోతే చల్లబడిందని సంబరపడకండి. కూలెంట్ అంతా పోయి సెన్సర్‌కు తగలకపోయినా ముల్లు అలా పడిపోవచ్చు. వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. చేత్తో తాకగలిగేంత చల్లబడేదాకా రేడియేటర్ మూత తీయొద్దు.