బుల్లితెర రాముడు ఆ తర్వాత ఏమయ్యారు?

రామానంద్ సాగర్ టీవీ ధారావాహిక ‘రామాయణ్’ నటులు అరుణ్ గోవిల్ (రాముడు), దీపికా చిఖలియా (సీత), సునీల్ లహ్రీ (లక్ష్మణుడు) ఎక్కడ కలిసి కనిపించినా అభిమానుల మాటలు చివరికి ఒకే సందేహం దగ్గరికి చేరుతాయి. దేశమంతా చేతులెత్తి మొక్కిన ఈ నటులకు ఆ తర్వాత అంతటి పాత్రలు ఎందుకు దక్కలేదు? 2020 మార్చి ఆరంభంలో కపిల్ శర్మ టీవీ హాస్య కార్యక్రమానికి ముగ్గురూ కలిసి వచ్చినప్పుడు, 2024 జనవరి 22న అయోధ్య రామాలయంలో ప్రాణప్రతిష్ఠకు హాజరైనప్పుడు కూడా ఇదే చర్చ సాగింది. అదృష్టం లేదనో, ప్రతిభ చాలలేదనో చెప్పడం న్యాయం కాదు. ఆ ధారావాహిక వచ్చిన కాలంలో, అది ప్రసారమైన తీరులో దీనికి జవాబు ఉంది.

1987 జనవరి 25 నుంచి 1988 జూలై 31 వరకు, ఆదివారం ఉదయాల్లో, మొత్తం 78 భాగాలుగా దూరదర్శన్ ఈ ధారావాహికను ప్రసారం చేసింది. అప్పటికి ప్రైవేటు చానళ్లు లేవు, ఇంటింటా టీవీ కూడా లేదు. టీవీ ఉన్న ఇంట్లో ఇరుగుపొరుగంతా చేరేవారు. చాలా చోట్ల టీవీకే పూలదండ వేసి, హారతి ఇచ్చి, ఆ తర్వాతే చూసేవారు. హిందీ రాని తెలుగు ఇళ్లలో కూడా భాష అడ్డు కాలేదు, ఎందుకంటే తర్వాతి సన్నివేశం ఏమిటో అందరికీ ముందే తెలుసు. అంటే, ఏడాదిన్నర పాటు రాముడంటే దేశమంతటికీ కనిపించింది ఒక్క ముఖమే.

ఈ మాట దగ్గర తెలుగువారికి ఎన్.టి.రామారావు గుర్తుకు రావడం సహజం, ఆ పోలిక పనికొస్తుంది కూడా. రాముడిగా, కృష్ణుడిగా పూజలందుకున్న ఆయనే 1961లో ‘సీతారామకల్యాణం’లో రావణుడిగా నటించారు; పౌరాణికాలతో పాటు సాంఘికాలు, జానపదాలు చేస్తూ వచ్చారు. సినిమా మూడు గంటల్లో ముగుస్తుంది, నటుడు తర్వాతి చిత్రంలో మరో వేషం కడతాడు. వారం వారం ఇంట్లోకి వచ్చే పాత్ర అలా వదిలిపోదు. గోవిల్‌కు జరిగింది అదే. 1979లో ‘సావన్ కో ఆనే దో’తో హీరోగా గుర్తింపు పొంది, 1985లో సాగర్‌దే అయిన ‘విక్రమ్ ఔర్ బేతాళ్’లో విక్రమాదిత్యుడిగా మెప్పించిన ఈయన, రాముడి పాత్ర తర్వాత నిర్మాతలు తనను మామూలు పాత్రల్లో ఊహించుకోలేకపోయారని పలుమార్లు చెప్పారు. ఏ రాష్ట్ర ప్రభుత్వమూ, కేంద్ర ప్రభుత్వమూ తనను ఇంతవరకు సత్కరించలేదని 2020లో ఆయన బహిరంగంగానే చెప్పుకొన్నారు. ఆ బాధ సబబైనదే.

సినిమాల్లో అడ్డుపడిన రూపమే ఎన్నికల్లో అక్కరకొచ్చింది. 1991 లోక్‌సభ ఎన్నికల్లో భారతీయ జనతా పార్టీ తరఫున సీత పాత్రధారిణి దీపిక బరోడా నుంచి, రావణ పాత్రధారి అరవింద్ త్రివేది సాబర్‌కాంఠా నుంచి గెలిచారు. తెరపై రాముడికి ఆ గెలుపు దక్కడానికి మరో 33 ఏళ్లు పట్టింది. 2024లో అదే పార్టీ అభ్యర్థిగా మేరఠ్‌లో 10,585 ఓట్ల తేడాతో గోవిల్ గెలిచారు. హనుమంతుడిగా నటించిన దారాసింగ్ 2003లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. అయితే ఆయన సంగతి వేరు. మల్లయోధుడిగా అప్పటికే పేరు మోసిన మనిషి కనుక ఒక్క పాత్ర ఆయన్ను కట్టిపడేయలేదు. దీపిక పెళ్లి తర్వాత నటనకు చాలాకాలం దూరంగా ఉండి, 2019లో ‘బాలా’ చిత్రంలో కనిపించారు. లహ్రీ గురించి చర్చల్లో వినిపించేది తక్కువే. నాకు మాత్రం అది అన్యాయంగానే తోస్తుంది, ఎందుకంటే లక్ష్మణుడి కోపాన్ని ఆయన పలికించినంత సూటిగా మరొకరు పలికించగా నేను చూడలేదు.

ఈ కలయికల్లో సంతోషంతో పాటు వెలితి కూడా ఉంటుంది. భరతుడి పాత్రధారి సంజయ్ జోగ్ 1995లో, రామానంద్ సాగర్ 2005లో, ఇంద్రజిత్తుగా నటించిన విజయ్ అరోరా 2007లో, దారాసింగ్ 2012లో కన్నుమూశారు.

ఇప్పటి చర్చలో యువత గొంతు ఎక్కువగా వినిపించడానికి కారణం లాక్‌డౌన్. 2020 మార్చి 28 నుంచి దూరదర్శన్ ఈ ధారావాహికను మళ్లీ ప్రసారం చేసింది. ఏప్రిల్ 16 నాటి భాగాన్ని 7.7 కోట్ల మంది చూశారని ప్రకటించింది. తొలి ప్రసారం నాటికి పుట్టని వారు కూడా అప్పుడు ఈ నటుల పేర్లు తెలుసుకున్నారు. ఆ రోజుల్లోనే అరవింద్ త్రివేది తన ఇంట్లో టీవీ ముందు కూర్చున్న వీడియో ఒకటి బయటకు వచ్చింది. తెరపై ఆయనే సీతను ఎత్తుకుపోతున్నారు. ఎనభై దాటిన ఆ వృద్ధుడు దాన్ని చూస్తూ రెండు చేతులూ జోడించారు. మరుసటి ఏడాది అక్టోబరులో ఆయన కూడా వెళ్లిపోయారు.