కూల్ పాపా బెల్ లెక్కలు: అపోహలు - వాస్తవాలు

స్కోర్లు, రికార్డులు సరిచూడటం నా ఉద్యోగం. 2024 మేలో అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్, ఒకప్పుడు నల్లజాతి ఆటగాళ్లు విడిగా ఆడుకోవాల్సి వచ్చిన నీగ్రో లీగ్‌ల అంకెల్ని తన అధికారిక రికార్డుల్లో కలిపింది. అప్పట్నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న: ఈ లెక్కలు నమ్మొచ్చా? మొన్న డాలస్ నుంచి చెల్లెలి వరసావిడ ఫోన్: "అన్నయ్యా, మావాడు స్కూల్ ప్రాజెక్టులో కెరీర్ బ్యాటింగ్ సగటుకి మేజర్ లీగ్ దిగ్గజం టై కాబ్‌ని కాదని నీగ్రో లీగ్‌ల జాష్ గిబ్సన్‌ని పైన పెట్టాడు. మార్కులు పోతాయేమో!" పోవమ్మా, టెన్షన్ పడకు. 2024లో కలిపినప్పటి లెక్కలో గిబ్సన్ .372, కాబ్ .367. వాడు రాసిందే కరెక్టు.

అసలు అపోహ ఇది: "నీగ్రో లీగ్‌ల అంకెలన్నీ పుక్కిటి పురాణాలు, జాలిపడి కలిపేశారు." వింటే ఒళ్లు మండుతుంది. సెంటర్ ఫీల్డర్ కూల్ పాపా బెల్‌నే తీసుకోండి. 1922లో సెయింట్ లూయిస్ స్టార్స్‌లో పిచ్చర్‌గా మొదలై 1946 దాకా లీగుల్లో ఆడాడు. 1933లో 200 చిల్లర మ్యాచ్‌ల్లో 175 బేస్‌లు స్టీల్ చేశానని (అంటే బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరుగెత్తి చేరానని) చెప్పేవాడు. అందులో ఊరూరా తిరిగి ఆడినవీ ఉన్నాయి. అధికారిక లెక్కకి 1920-48 నాటి లీగ్ మ్యాచ్‌లే, అవీ ఆధారం దొరికినవే. బేస్‌బాల్ దిగ్గజాలకిచ్చే గౌరవం హాల్ ఆఫ్ ఫేమ్, అక్కడి గిబ్సన్ ఫలకం మీద దాదాపు 800 హోమ్ రన్లని ఉంటుంది. అధికారికంగా 200 కూడా లేవు. జాలిపడినవాళ్లు ఇలా కోత కోస్తారా? పైగా ఆనాటి పేపర్ల బాక్స్ స్కోర్లలో (మ్యాచ్ స్కోరు పట్టికల్లో) స్టీల్స్ చాలాసార్లు వేసేవారే కాదు. బెల్‌కి మిగిలింది నష్టమే.

కుర్రతనంలో నేను మా జిల్లా క్రికెట్ లీగ్‌కి స్కోరర్‌ని. ఓసారి వానకి స్కోర్‌బుక్ తడిసి ఒక ఇన్నింగ్స్ మొత్తం నీలం మరకైపోయింది. ఆ రోజు 80 కొట్టినవాడు ఇప్పటికీ కనబడితే "నా ఎనభై ఏదిరా?" అంటాడు.

స్విచ్ నొక్కి, లైటు ఆరేలోపే బెల్ మంచమెక్కేవాడన్న కథా? స్విచ్ పాడై లైటు ఆలస్యంగా ఆరేది. అది చూసుకుని తోటి ఆటగాడు సాచెల్ పైజ్‌తో పందెం కాశాడు, అంతే.

1947లో నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ మేజర్ లీగ్‌లోకి రాగానే అందరికీ తలుపులు తెరుచుకున్నాయా? బెల్‌కి అప్పటికే నలభై దాటాయి. తర్వాత సెయింట్ లూయిస్ సిటీ హాల్‌లో ఊడ్చాడు, రాత్రిళ్లు కాపలా కాశాడు. హాల్ ఆఫ్ ఫేమ్ పిలుపు 1974లో.

ఫోన్ పెట్టేముందు కుర్రాడు అందుకున్నాడు: "మామయ్యా, మరి ఆ 175 రాయనా?" రాయి నాన్నా, పక్కన "బెల్ చెప్పిన లెక్క" అని కూడా రాయి.