దేవుణ్ణి "అమ్మా" అనొచ్చా? గుంటూరులో ఒక ప్రార్థన, దాని వెనకున్న చాలా పాత కథ

మొన్న ఈస్టరుకి ముందొచ్చే శ్రమల కాలంలో గుంటూరులో మా బంధువులింట్లో కాటేజ్ ప్రేయర్ పెట్టారు. చాపలు, పెద్దవాళ్లకి ప్లాస్టిక్ కుర్చీలు, చివర్లో టీ బిస్కెట్లు, అంతా మామూలే. ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేస్తుంటే నల్లపాడు నుంచి వచ్చిన మా మామ్మ వంతొచ్చింది. ఆవిడ "తండ్రీ" అనే మొదలుపెట్టింది, కానీ మనవడి జ్వరం గురించి చెప్తూ చెప్తూ గొంతు పూడుకుపోయి "అమ్మా, నువ్వే చూసుకోవాలమ్మా" అనేసింది. అప్పుడెవరూ ఏమీ అనలేదు, ఆమేన్ అన్నారు. టీ గ్లాసులు చేతికొచ్చాక మొదలైంది. సంఘపెద్ద ఒకాయన "మామ్మగారూ, దేవుడు తండ్రండి, అమ్మా అనకూడదు, అది బయటివాళ్ల పద్ధతి" అన్నారు. పాస్టరు అయ్యగారు నవ్వి ఊరుకున్నారు, ఆయన భార్య అమ్మగారు మాత్రం "యెషయాలో ఉంది కదండీ" అని మెల్లిగా అందించారు, ఇంక అక్కణ్ణుంచి అరగంట.

అమ్మగారు చెప్పింది నిజమే, యెషయా 66:13లో "ఒకని తల్లి వానిని ఆదరించునట్లు నేను మిమ్మును ఆదరించెదను" అని దేవుడే అంటున్నాడు, 42వ అధ్యాయంలో అయితే పురిటినొప్పులు పడే ఆడదానిలా కేక వేస్తానంటాడు. అయితే ఆ సంఘపెద్ద భయం కూడా ఉత్తిదేం కాదు, దానికి రెండున్నర వేల ఏళ్ల వయసుంది. అందుకే ఇది రాస్తున్నా.

ముందు ఒక సంగతి. బైబిల్లో దేవుణ్ణి దేంతో పోల్చారో లెక్కపెడదామని కూర్చుంటే తెల్లారిపోద్ది. రాజు, తండ్రి, కాపరి, కుమ్మరి, ఇవి అందరికీ తెలిసినవే. పిల్లల్ని పోగొట్టుకున్న ఎలుగుబంటి అని హోషేయలో ఉంది, ఎంతమంది విన్నారు? అదే పుస్తకంలో బట్టలు కొరికే పురుగు అని కూడా ఉంది. కీర్తన 123లో దాసి తన యజమానురాలి చెయ్యి వైపు చూసినట్టు మేం నీ వైపు చూస్తున్నాం అంటారు, అంటే దేవుడు అక్కడ ఇంటి యజమానురాలు. లూకా 15లో పోయిన నాణెం కోసం దీపం వెలిగించి ఇల్లంతా చీపురుతో ఊడ్చే ఆడమనిషి, ఆ కథకి పక్కనే ఉన్న తప్పిపోయిన గొర్రె కథ మీద వంద ప్రసంగాలు విన్నా, చీపురు మీద ఒక్కటీ వినలేదు.

ఈ పోలికలన్నీ గాల్లోంచి ఊడిపడలేదు, ఆ నేలలోంచి, ఆ పనుల్లోంచి వచ్చాయి. యూదయ ఎడారిలో చెట్టు ఉండదు, నీడ అంటే బండ నీడే. మన రెంటచింతల ఎండలో మే నెల మధ్యాహ్నం నడిచినోడికి యెషయా 32లో "గొప్పబండ నీడ" అనే మాట ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. హీబ్రూలో ఆ బండకి సూర్ అని మాట, దేవుడికి అది దాదాపు పేరైపోయింది. ద్వితీయోపదేశకాండం 32లో మోషే పాట మొత్తం ఆ మాట చుట్టూనే తిరుగుద్ది.

ఇక్కడ తమాషా ఏంటంటే క్రీస్తుకి ముందే, అలెగ్జాండ్రియాలో యూదులు ఆ పాటని గ్రీకులోకి మార్చినప్పుడు "బండ" అన్న చోట బండ అని రాయలేదు, శుభ్రంగా "దేవుడు" అని రాసేశారు. చుట్టూ రాళ్లకి మొక్కేవాళ్లున్నప్పుడు మా దేవుడు రాయి అని ఎలా రాస్తాం అనుకుని ఉంటారని పండితులు అంటారు. మన తెలుగు బైబిల్ తీసి అదే పాట 4వ వచనం చూడండి, "ఆశ్రయదుర్గము" అని ఉంటది. బండ కాస్తా కోట అయిపోయింది! మనవాళ్లు ఎందుకలా మార్చారో గానీ కొండవీడు కోట చూసి పెరిగిన మనకి బండ, కోట రెండూ ఒకటే అనుకోండి, ఆ కొండ మీదే కోట కాబట్టి. కానీ 18వ వచనం దగ్గరికొచ్చేసరికి ఇబ్బందైంది: "నిన్ను పుట్టించిన ఆశ్రయదుర్గమును విస్మరించితివి". దుర్గం ఎక్కడైనా పిల్లల్ని కంటదా? మూలంలో బండ కంటది, పైగా తర్వాత మాట పురిటినొప్పులకి వాడే మాట. ఒకే వాక్యంలో రాయీ తల్లీ కలిసిపోయిన పోలిక అది, తర్జుమాలో రెండూ పలచబడిపోయాయి.

అన్నీ ఇలా పోయాయని కాదు. యోహాను 6లో యేసు నేను రొట్టెని అంటే మన తెలుగులో "జీవాహారము నేనే" అని పెట్టారు, అన్నం తినేవాళ్లకి రొట్టె అంటే జొరమొచ్చినప్పుడు తినేది కదా, ఆహారం అనడమే సబబు. ద్రాక్షావల్లి మాత్రం అలాగే వదిలేశారు, మిర్చి పత్తి పండించే ఊళ్లలో అది ఇప్పటికీ పాటల్లో మాటే. తెలుగులో కొత్త నిబంధన శ్రీరాంపూర్‌లో 1818లో అచ్చయింది, గుంటూరులో లూథరన్ మిషన్ 1842లో హయ్యర్ దొరతో మొదలైంది, అంటే ఈ మాటలు మన నోళ్లలో పడి అటూ ఇటుగా రెండొందల ఏళ్లు, అంతే.

నాకు బాగా ఇష్టమైనది మలాకీ 3:2. ఆయన "చాకలివాని సబ్బువంటివాడు" అట. చదివిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగుతాను. మలాకీ రోజుల్లో సబ్బు బిళ్ల ఎక్కడిది, హీబ్రూలో ఆ మాట మొక్కల నుంచి తీసే క్షారానికి వాడేది. మన చాకిరేవులో ఇదివరకు చౌడు కలిపి ఉబ్బ వేసేవాళ్లు చూడండి, బట్టల మూటకి రాత్రంతా ఆవిరి పట్టి పొద్దున్నే బండ మీద బాదడం, అచ్చంగా అదే. కుమ్మరి మీద మనకి బోలెడు పాటలున్నాయి, నేను మట్టిని నువ్వు కుమ్మరివి అని చేతులెత్తి పాడతాం. నేను మాసిన బట్టని నువ్వు చాకలివి అని ఎవరైనా పాడగా విన్నారా? నేనైతే వినలేదు. ఎందుకు వినలేదో మన ఊళ్ల సంగతి తెలిసిన ఎవరికైనా అర్థమవుద్ది, ఇక్కడ ఆ మాట పని పేరుగా కాకుండా కులం పేరుగా వినిపిస్తది.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఇన్ని పోలికల్లో రాజు, తండ్రి మాత్రమే పైకెలా తేలాయి?

కాపరి సంగతి చూస్తే కొంత తెలుస్తది. కాపరి అంటే మనకి పల్నాడు రోడ్ల మీద భుజాన కర్ర, గొంగడి వేసుకుని మందని తోలుకెళ్లే మనిషి, కోతలయ్యాక పొలంలో మంద కట్టించుకుంటే ఎరువు బాగా పడుద్దని రైతులు పిలిచే మనిషి. ఆ కాలంలో అది రాజు బిరుదు కూడా. బబులోను రాజు హమ్మురాబి తన శాసనంలో నేను కాపరిని అని చెప్పుకున్నాడు. అందుకే యెహెజ్కేలు 34లో మందని మేపకుండా మందనే తినేస్తున్న కాపరుల్ని తిట్టి, ఇక నేనే కాస్తాను అని దేవుడంటే అది అచ్చంగా రాజకీయమైన మాట. తర్వాత రోమ్‌లో భూగర్భ సమాధుల గోడల మీద తొలి క్రైస్తవులు గొర్రెపిల్లని భుజాన వేసుకున్న కుర్ర కాపరిని గీసుకున్నారు. రోమ్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ తర్వాత క్రైస్తవ్యానికి రాజాశ్రయం దొరికింది, క్రీ.శ. 400 ప్రాంతానికి రోమ్‌లో సాంతా పుదెన్‌సియానా గుడి మొజాయిక్‌లో క్రీస్తు బంగారు బట్టలేసుకుని సింహాసనం మీద కూర్చున్నాడు. నా దృష్టిలో రాజాశ్రయం దొరికినవాళ్లకి రాజు పోలిక తియ్యగా ఉండటంలో వింతేం లేదు.

తండ్రి కథ వేరు. పాత నిబంధనలో దేవుణ్ణి తండ్రి అనడం తక్కువే, సువార్తల్లోకి వచ్చాకే ఎక్కడ చూసినా ఆ మాట. గెత్సేమనే తోటలో యేసు "అబ్బా తండ్రీ" అంటాడు, అబ్బా అరమేయిక్ మాట. చిన్నప్పుడు నేను అది విని పాపం నొప్పితో అబ్బా అంటున్నాడు అనుకునేవాణ్ణి. (తెలుగులో కూడా అబ్బ అంటే పాత రోజుల్లో నాన్నే, ఇప్పుడు ఒక తిట్టులో మాత్రం మిగిలింది, అది ఇక్కడ రాయను.) 325లో నీకయలో జరిగిన బిషప్పుల సభ తర్వాత తండ్రి, కుమారుడు అనేవి పోలికల్లా కాకుండా విశ్వాస ప్రమాణంలో మాటలైపోయాయి, వాటి మీద సభలూ బహిష్కారాలూ జరిగాయి. అలా గట్టిపడ్డాక కూడా 380 ప్రాంతంలో నాజియాంజస్ గ్రెగరీ అనే బిషప్పు కాన్‌స్టాంటినోపుల్‌లో ఎగతాళి చేశాడు: తండ్రి అన్నారు కాబట్టి దేవుడు మగవాడా, ఆత్మ అనే గ్రీకు మాట నపుంసకలింగం కాబట్టి ఆత్మ అదేనా, వ్యాకరణం చూసి దేవుణ్ణి కొలుస్తారా అని.

ఈ వ్యాకరణం గొడవ మన దగ్గర ఇంకా ముదిరింది. హీబ్రూలో ఆత్మ అంటే రూఅహ్, స్త్రీలింగం. నాలుగో శతాబ్దంలో సిరియాక్ భాషలో రాసిన అఫ్రాహత్ అనే క్రైస్తవ రచయిత పరిశుద్ధాత్మని తల్లి అనే రాశాడు. గ్రీకులో అది నపుంసకమైంది, లాటిన్‌లో మగ మాటైంది. తెలుగులో ఆత్మ వచ్చింది అనాలి, కానీ బస్సు కూడా వచ్చింది, మామ్మ కూడా వచ్చింది, మనకి ఆడవాళ్లకీ వస్తువులకీ క్రియ ఒకటే కదా. అందుకేనేమో మనవాళ్లు డు తగిలించి పరిశుద్ధాత్ముడు చేశారు. దేవుడులోనే డు ఉంది. ఆ డు పక్కన "అమ్మ" పెడితే చెవికి గుచ్చుకుంటది, సంఘపెద్దకి సగం అదే అనుకుంటా.

మిగతా సగం మాత్రం అసలు భయం. ఇశ్రాయేలు చుట్టుపక్కల అషేరా లాంటి దేవతలుండేవాళ్లు, సీనాయిలో కుంతిల్లెత్ అజ్రూద్ దగ్గర దొరికిన క్రీ.పూ. 8వ శతాబ్దం నాటి రాతల్లో యెహోవా పేరు పక్కనే అషేరా పేరుంది. యిర్మీయా 44లో ఆడవాళ్లు ప్రవక్త మొహం మీదే చెప్తారు, ఆకాశరాణి అనే దేవతకి ధూపం వేసినన్నాళ్లూ మాకు తిండికి లోటు లేదు, మానేశాకే ఈ కరువని. అలాంటి చోట ప్రవక్తలు తల్లి పోలికని ఆచితూచి వాడారంటే అర్థముంది. పక్కనే బెజవాడలో ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ ఉండగా, తాతలు ఆ గుడి మెట్లు ఎక్కడం మానేసి ఇటొచ్చిన కుటుంబాల్లో "అమ్మా" అనే మాట వినగానే ఉలిక్కిపడటం కూడా అలాంటిదే. అదే బెజవాడలో ఇంకో కొండ, గుణదల. అక్కడ 1924లో మరియమాత విగ్రహం పెట్టారు, ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా తిరునాళ్లు, కొబ్బరికాయలు, తలనీలాలు, అన్ని మతాలవాళ్లూ. మరియమ్మ దేవుడు కాదని కతోలికులే చెప్తారు, కానీ అమ్మా అని ఏడ్చుకోవడానికి వాళ్లకి ఒక చోటుంది, మా లూథరన్ చాపల మీద లేదు, అందుకే మా మామ్మకి అది ప్రార్థన మధ్యలో తన్నుకొచ్చిందేమో.

చరిత్రలో అన్నది ఆవిడొక్కతే కూడా కాదు. 1109లో చనిపోయిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు ఆన్సెల్మ్ యేసుని తల్లీ అని పిలిచి ప్రార్థన రాశాడు. తర్వాత మూడు శతాబ్దాలకి ఇంగ్లండులోనే జూలియన్ అనే ఆవిడ దేవుడు మనకి తండ్రి ఎంతో తల్లి అంతే అని రాసింది. ముప్ఫైమూడు రోజులే పోపుగా ఉన్న మొదటి జాన్‌పాల్ 1978 సెప్టెంబర్‌లో ఆయన మనకి తండ్రి, అంతకన్నా ఎక్కువగా తల్లి అన్నాడు. అసలు హీబ్రూలో కనికరానికి వాడే రహమీమ్ అనే మాట రెహెమ్ నుంచి వచ్చింది, రెహెమ్ అంటే గర్భసంచి. మన ముస్లిం స్నేహితులు బిస్మిల్లాలో అనే రహ్మాన్‌కి కూడా అదే వేరు.

ఇంకోటి గమనించారా. మన వైపు ఇళ్లలో నాన్నని మీరు అంటాం, అమ్మని నువ్వు అంటాం. ప్రార్థనలో తండ్రీ అని పిలిచి వెంటనే "నీవు", "నువ్వు" లోకి దిగిపోతాం. నోటితో నాన్న అంటున్నాం, మాట్లాడేది అమ్మతో మాట్లాడినట్టే.

చివరికి కోడి. లూకా 13లో గలిలయ పాలకుడు హేరోదు నిన్ను చంపాలనుకుంటున్నాడని వచ్చి చెప్తే యేసు "ఆ నక్కతో చెప్పండి" అంటాడు, రెండు వచనాలు తిరక్కుండానే యెరూషలేము వాళ్లతో, కోడి తన పిల్లల్ని రెక్కల కిందికి చేర్చుకున్నట్టు మిమ్మల్ని చేర్చుకోవాలనుకున్నా, మీరే ఒప్పుకోలేదు అంటాడు. నక్క తిరుగుతున్న ఊళ్లో తను సింహం కాదు, కోడి. యెరూషలేములో ఒలీవల కొండ మీద డోమినుస్ ఫ్లెవిత్ గుడి బల్లపీఠం ముందు ఆ కోడి బొమ్మ మొజాయిక్‌లో ఉంది, తల చుట్టూ వెలుగు వలయంతో సహా. క్రీ.శ. 500 ప్రాంతంలో డయోనీసియస్ పేరుతో రాసిన ఒకాయన, దేవుడికి నీచమైన పోలికలే మేలు అన్నాడు, ఎలుగుబంటి, పురుగు అంటే ఎవడూ దాన్నే దేవుడనుకోడు, వెలుగు, బంగారం అంటే నిజంగానే అలా ఉంటాడనుకుని మోసపోతారట. నాకిది చాలా నచ్చింది. దేవుణ్ణి కోడి అన్నంత మాత్రాన ఈకలుంటాయని ఎవరూ అనుకోలేదు, తండ్రి అనేసరికి బొమ్మలో గడ్డం పెట్టేశాం.

పోయిన ఆదివారం నల్లపాడు వెళ్లినప్పుడు మామ్మకి ఈ కోడి వచనం చదివి వినిపించా. పెరట్లో పెట్ట, తొమ్మిది పిల్లలు, పైన గద్ద తిరుగుతోంది. పెట్ట ఒక్కసారి గొంతు మార్చి కొర్‌ర్ అంది, తొమ్మిదీ పొట్ట కిందికి దూరిపోయాయి, ఒకదాని తోక మాత్రం బయటికి కనపడుతోంది. "చూశావా" అంది మామ్మ, "పుంజేది?" పుంజు అప్పటికే పాక మీదుంది. మామ్మ లేచెళ్లి పెట్ట మీద గంప బోర్లించి వచ్చి కూర్చుంది, ఆ సంఘపెద్ద గారి పేరు ఎత్తనే లేదు.