ఆన్‌లైన్ చీరల దుకాణం: అపోహలు - వాస్తవాలు

చీరల కొట్టుకి వెళ్తే పరుపు మీద కూర్చోబెట్టి, గుమాస్తా మడత విప్పి చీర పరుస్తాడు. మన చెయ్యి ముందు అంచు మీదికి, తర్వాత కొంగు మీదికి వెళ్తుంది. వేళ్ల మధ్య నలిపి చూస్తాం. వెలుతురులోకి తీసుకెళ్లి రంగు చూస్తాం. ఆ చెయ్యి అడిగే ప్రశ్నలకు ఫోన్ తెర మీద జవాబు దొరికేలా చేయడమే ఆన్‌లైన్ దుకాణాలు డిజైన్ చేసే నా పని. యజమానుల నోట తరచూ వినే మాటలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: మోడల్ ఫోటో అందంగా ఉంటే చీర అమ్ముడుపోతుంది.

వాస్తవం: ఆ ఫోటో చూసి ఆగుతారు. కొనేది మిగతా ఫోటోలు చూశాకే. మోడల్ కట్టుకున్న చీరలో చాలా భాగం కుచ్చిళ్లలో దాగిపోతుంది. అందుకే కొంగు పూర్తిగా పరిచి ఒకటి, అంచు పక్కన స్కేలు పెట్టి ఒకటి, జాకెట్టు ముక్క విడిగా ఒకటి, నేత కనిపించేంత దగ్గరగా ఒకటి తీయాలి. నేను మరీ పట్టుబట్టేది వెనక వైపు ఫోటో కోసం. పోచంపల్లి ఇక్కత్‌లో నేతకు ముందే నూలుకు ముడులు కట్టి రంగులు అద్దుతారు. కాబట్టి డిజైన్ రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. అదే డిజైన్ గుడ్డ మీద ప్రింట్ వేస్తే వెనక సాధారణంగా వెలిసినట్టు కనిపిస్తుంది. తెలిసినవాళ్లు కొట్టులో చీర తిరగేసి చూసేది ఇందుకే. గద్వాల చీరైతే నూలు ఒంటికి పట్టు అంచు కలిసే చోటు చూపించండి. నేతగాడి పనితనమంతా అక్కడే ఉంది.

ఇక రంగు. నేను పనిచేసిన ఒక దుకాణానికి వంకాయ రంగు చీరలు వరుసగా తిరిగొచ్చాయి. ఫోటోలో నీలంగా కనిపించిందని ఫిర్యాదు. తీసింది రాత్రిపూట ట్యూబ్‌లైటు కింద. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన, తెల్ల కాగితంతో కెమెరా వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా చేసే రంగు సర్దుబాటు) సరిచేసుకుని మళ్లీ తీయించాం. అయినా అన్ని ఫోన్లూ రంగును ఒకేలా చూపించవు. అందుకని మనవాళ్లకు కళ్లకు కట్టే పేరు కూడా రాయిస్తాను: నెమలికంఠం, చిలకపచ్చ, నేరేడు, మామిడిపండు. "బ్లూ 07" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు.

అపోహ: సైట్ తెరవగానే వీడియోలు, కదిలే బొమ్మలు ఉండాలి.

వాస్తవం: బస్సులో కూర్చుని, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నప్పుడు చూసేవాళ్లు చాలామంది. గూగుల్ కొలత ప్రకారం పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపిస్తేనే వేగం బాగున్నట్టు. వీడియో కావాలంటే చీర పేజీలోనే, కుచ్చిళ్లు పోస్తుండగా గుడ్డ ఎలా జారుతుందో చూపించేది, నొక్కితేనే లోడ్ అయ్యేలా పెట్టండి.

అపోహ: "ఇంకా 2 మాత్రమే!" అని టైమర్ పెడితే వెంటనే కొంటారు.

వాస్తవం: నిజంగా రెండే ఉంటే తప్పక చెప్పండి, చేనేతలో అది మామూలే. అబద్ధమైతే మాత్రం తప్పు. 2023 నవంబరులో వచ్చిన కేంద్ర ప్రభుత్వ డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు 13 రకాల మోసపు డిజైన్లను నిషేధించాయి. దొంగ తొందర వాటిలో ఒకటి. అడగకుండా బుట్టలో ఫాల్, పీకో ఛార్జీ కలపడం కూడా ఈ నిషేధం కిందికే వస్తుంది.

అపోహ: రిటర్న్ నియమాలు కనపడకుండా పెడితే వెనక్కి పంపరు.

వాస్తవం: కనపడకపోతే అసలు కొనరు. ఫాల్ కుట్టించాక చీర వెనక్కి తీసుకోం అనేట్టయితే ఆ మాట ధర కిందే ఉండాలి.

అపోహ: వెతికే పెట్టె దానంతటదే పనిచేస్తుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

వాస్తవం: ఒకరు "లంగా ఓణీ" అని కొడతారు, ఇంకొకరు "హాఫ్ శారీ" అంటారు. "పట్టు"ను ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. అన్నిటికీ సరుకు దొరకాలి. ఏమీ దొరకని పదాల జాబితాను వారానికోసారి తీసి చదవండి. మేం అలా చదివిన ఒక జాబితాలో "అమ్మమ్మ చీర" అనే మాట మళ్లీ మళ్లీ కనిపించింది. సన్న అంచు, తేలిక బరువు, మెత్తని నూలు చీరలన్నిటినీ ఆ పేరు కిందికే చేర్చాం.