ప్రాచీన భాషల మీద ఉపన్యాసం వినబోయే పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

ప్రాచీన గ్రీకు, లాటిన్ భాషల మీద, ఆ భాషలు మాట్లాడిన ప్రజల జీవితం మీద విశ్వవిద్యాలయాల పండితులు చేసే ప్రసంగాలను ఇప్పుడు ఇంటి దగ్గర నుంచే వినగలుగుతున్నామని మీరు రాసినందుకు చాలా సంతోషించాను. వింటున్నంతసేపు బాగానే ఉంటుంది కానీ విన్న తరువాత ఏది నమ్మాలో, ఏది పక్కన పెట్టాలో తెలియడం లేదని మీలో ఒకరు అడిగారు. ఆ ప్రశ్న చాలా మంచిది. దానికి సూత్రాలు చెప్పే కంటే, ఈ విద్యలో పేరుపడిన కొన్ని ప్రసంగాలు ఎలా పుట్టాయో, వాటిని విన్నవారు ఏం చేశారో చెప్పడం మేలనిపించింది. వక్త చివరికి ఏం తేల్చారన్నదాని కంటే ఏ ఆధారాల మీద నడిచి అక్కడికి చేరారన్నదే శ్రోత పట్టుకోవలసినదని నా నమ్మకం.

మొదటి ప్రసంగం మన దేశంలోనే జరిగింది. 1786 ఫిబ్రవరి 2న కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ సభలో, అక్కడి సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం జోన్స్, సంస్కృతానికీ గ్రీకుకూ లాటిన్‌కూ క్రియాధాతువుల్లోనూ వ్యాకరణ రూపాల్లోనూ ఉన్న పోలిక యాదృచ్ఛికం కాదనీ, ఈ మూడూ బహుశా ఇప్పుడు మిగిలిలేని ఒకే మూలభాష నుంచి పుట్టి ఉండాలనీ అన్నారు. తులనాత్మక భాషాశాస్త్ర చరిత్రలను చాలామంది ఈ ప్రసంగంతోనే మొదలుపెడతారు. అయితే అదే ప్రసంగంలో, ఇథియోపియానూ హిందూస్థానాన్నీ ఒకే జాతి ప్రజలు నింపి ఉంటారన్న ఊహ కూడా ఉంది. అది నిలబడలేదు. ఒకే వక్త, ఒకే సాయంత్రం, ఒకే గొంతుతో చెప్పిన రెండు మాటల్లో ఒకటి నిలిచింది, రెండవది జారిపోయింది. మొదటిదాని వెనుక ఎవరైనా సరిచూడగల వ్యాకరణ రూపాలు ఉన్నాయి, రెండవదాని వెనుక అంతటి బలమున్న ఆధారం లేదు. మరో ముప్పై ఏళ్లకు, 1816లో, క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి మద్రాసులోని కంపెనీ అధికారి ఎల్లిస్ ఒక పీఠిక జోడించి, తెలుగు సంస్కృతం నుంచి పుట్టినది కాదనీ తమిళ కన్నడాలతో చేరిన వేరే కుటుంబానిదనీ చూపించారు. ఆయన కూడా ధాతువులను పక్కపక్కన పెట్టి చూపుతూనే ఆ వాదం చేశారు.

ఇక నేను తీరికగా చెప్పాలనుకున్న కథకు వస్తాను. 1900 మార్చిలో ఆర్థర్ ఎవాన్స్ అనే ఆంగ్ల పురావస్తు శాస్త్రవేత్త మధ్యధరా సముద్రంలోని క్రీటు ద్వీపంలో, నోసోస్ దగ్గర తవ్వకాలు మొదలుపెట్టిన కొద్ది రోజులకే, గీతలతో గీసిన అక్షరాలున్న మట్టి పలకలు బయటపడసాగాయి. వాటిలో రెండు రకాల లిపులను ఆయన గుర్తించి ఒకదానికి లీనియర్ ఎ అనీ, మరొకదానికి లీనియర్ బి అనీ పేర్లు పెట్టారు. నేను ఇప్పుడు చెప్పేది బి లిపి పలకల కథ. ఆ పలకలను అప్పటివారు కాల్చలేదు. రాజభవనాలు తగలబడినప్పుడు ఆ మంటల్లో కాలి గట్టిపడ్డాయి కనుకనే మూడు వేల ఏళ్లకు పైగా నిలిచి మనకు దక్కాయి. క్రీటులో విలసిల్లిన నాగరికత గ్రీకులది కాదనీ, ఆ పలకల భాష కూడా గ్రీకు కాదనీ ఎవాన్స్ గట్టిగా నమ్మారు. ఆయన పేరుప్రతిష్ఠలు అంతటివి కావడంతో ఆ నమ్మకానికి ఎదురు చెప్పినవారి మాట చాలాకాలం చెల్లలేదు.

1936లో లండన్‌లోని బర్లింగ్టన్ హౌస్‌లో క్రీటు, గ్రీసు తవ్వకాల ప్రదర్శన ఒకటి జరిగింది. ఎనభై అయిదేళ్ల ఎవాన్స్ అక్కడికి వచ్చిన ఒక బడి పిల్లలకు పలకలను చూపిస్తూ స్వయంగా వివరించారు. ఆ పిల్లల్లో పద్నాలుగేళ్ల మైకేల్ వెంట్రిస్ ఉన్నాడు. ఈ పలకలను ఇంతవరకు ఎవరూ చదవలేదన్న మాట నిజమేనా అని అతడు ఎవాన్స్‌ను అడిగినట్టు చెబుతారు. ఆ పెద్దాయన ఆ రోజు చెప్పినవాటిలో భాష గురించిన అభిప్రాయం తప్పు, కానీ చూపించిన పలకలు నిజమైనవి. పిల్లవాడికి రెండూ అంటుకున్నాయి. పద్దెనిమిదేళ్లకే వెంట్రిస్ ఒక అమెరికన్ పత్రికలో వ్యాసం ప్రచురించి, ఈ భాష ప్రాచీన ఇటలీలోని ఎట్రుస్కన్ భాషకు దగ్గరిదన్నాడు. తరువాత వాస్తుశిల్పి అయ్యాడు, యుద్ధకాలంలో వైమానిక దళంలో పనిచేశాడు. గ్రీకు లాటిన్‌లను విశ్వవిద్యాలయంలో చదువుకోలేదు. అయినా ఆ పలకలను విడిచిపెట్టలేదు.

ఇక్కడ ఒక విదుషి గురించి తప్పక చెప్పాలి, ఎందుకంటే ఆమె లేకుండా ఈ కథను చెప్పేవారు ఇప్పటికీ ఉన్నారు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ కాలేజీలో గ్రీకు లాటిన్‌లు బోధించిన ఆలిస్ కోబర్, రోజంతా పాఠాలు చెప్పి రాత్రిళ్లు ఈ పలకల మీద పనిచేసేవారు. యుద్ధం వల్ల కాగితం దొరకక, పాత శుభాకాంక్షల కార్డులను, పరీక్ష పుస్తకాల అట్టలను చిన్న ముక్కలుగా కత్తిరించి, వేలకు వేలు చీటీలు రాసి, ఖాళీ సిగరెట్ పెట్టెల్లో వరుసగా పెట్టుకున్నారు. ఆ రోజుల్లోనే రైలెక్కి యేల్ విశ్వవిద్యాలయానికి వెళ్లి సంస్కృతం కూడా నేర్చుకున్నారు. ఆధారాలు చేతికి రాకముందే ఇది ఫలానా భాష అని ఊహించడం ఆమెకు బొత్తిగా గిట్టేది కాదు. ఏ గుర్తు ఏ గుర్తు పక్కన వస్తోంది, ఎన్నిసార్లు వస్తోంది, పదం చివర ఏం మారుతోంది అన్నవే చూడాలని ఆమె పట్టుదల.

ఆమె ఏం కనిపెట్టారో తెలుగు చదివే మీకు సులువుగా అర్థమవుతుంది. తెలుగు అసలే తెలియని ఒకరి చేతికి మన రాత చిక్కిందనుకోండి. అందులో ‘ఊరు’, ‘ఊరి’ అనీ, ‘చేను’, ‘చేని’ అనీ జంటలు పదేపదే కనిపిస్తాయి. మొదటి అక్షరం మారదు, చివరి అక్షరం మారుతుంది. విభక్తి వల్ల పదం చివర అచ్చు మాత్రమే మారుతోందని ఊహిస్తే, రు, రి అనే రెండు గుర్తులలోనూ హల్లు ఒకటేననీ, ను, ని అనే రెండింటిలోనూ హల్లు ఒకటేననీ, రి, ని అనే రెండింటిలో అచ్చు ఒకటేననీ తేలుతుంది. ఆ అక్షరాలను ఎలా పలకాలో తెలియకుండానే ఇదంతా తేలుతుంది. మన లిపిలో రు, రి ఆకారాలకు పోలిక ఉంది కనుక కంటితోనే పట్టుకోవచ్చు. లీనియర్ బిలో సుమారు 90 అక్షర గుర్తులున్నా ఒక హల్లు గుణింతంలోని గుర్తుల మధ్య ఏ పోలికా ఉండదు. అందుకే కోబర్ పదాల రూపాలను మూడేసిగా పోల్చి, ఏ గుర్తుకు ఏది చుట్టమో తర్కంతోనే నిర్ణయించారు. ఆమె 1950లో, నలభై మూడేళ్లకే, తన పని ఫలితం చూడకుండానే కన్నుమూశారు.

వెంట్రిస్ ఆ పద్ధతినే పెద్దది చేసి, హల్లులు ఒక వైపు, అచ్చులు మరో వైపు ఉండేలా గళ్లు గీసుకుని, అంటే గుణింతం పట్టిక వేసుకుని, ఒక్కొక్క గుర్తునూ ఒక్కొక్క గడిలోకి చేర్చసాగారు. అప్పటికి కార్ల్ బ్లెగెన్ అనే అమెరికన్ పురావస్తు శాస్త్రవేత్త 1939లో గ్రీసులోని పైలోస్ దగ్గర తవ్విన వందలాది పలకలను బెన్నెట్ అనే పండితుడు 1951లో ప్రచురించారు కనుక పోల్చుకోవడానికి సరంజామా పెరిగింది. పదం మొదట్లో ఎక్కువగా వచ్చే గుర్తు విడి అచ్చు అయి ఉండాలి, ఎందుకంటే ఇలాంటి లిపుల్లో, మన లిపిలో వలెనే, అచ్చుకు విడిగా గుర్తు అవసరమయ్యేది ముఖ్యంగా పదారంభంలో. సైప్రస్‌లోని వేరొక ప్రాచీన లిపిలో తెలిసిన రెండు మూడు అక్షరాల పోలికనూ వాడుకున్నారు. కోబర్ మూడేసి రూపాలుగా పోల్చిన ఆ పదాలు క్రీటులోని ఊళ్ల పేర్లేమో అని ప్రయత్నించి చూస్తే, ‘అ-మి-ని-సొ’ అని ఒకటి వచ్చింది. అది నోసోస్ రేవు పట్టణం అమ్నిసోస్. ‘కొ-నొ-సొ’ అన్నది నోసోసే. ఒక గడిలో అక్షరం తేలగానే పట్టిక వల్ల ఆ వరుసలోని మిగిలినవీ తేలుతూ వచ్చాయి. చివరికి బయటపడిన భాష, వెంట్రిస్ పదహారేళ్లుగా కాదనుకున్న గ్రీకు.

1952 జూలై 1న బీబీసీ రేడియోలో వెంట్రిస్ ఒక ప్రసంగం చేశారు. నోసోస్, పైలోస్ పలకల భాష గ్రీకే అన్న నిర్ణయానికి గత కొన్ని వారాల్లో వచ్చానని, అది ప్రాచీన గ్రీకు మహాకవి హోమర్ కంటే అయిదు వందల ఏళ్లు పాతదైన, క్లుప్తంగా రాసిన గ్రీకు అని ఆయన అన్నారు. తాను ఇన్నాళ్లూ నమ్మిన ఎట్రుస్కన్ వాదాన్ని ఆధారం ఎదురు నిలవగానే బహిరంగంగా వదులుకున్న ఆ నిజాయితీ నాకు ఆయన మేధస్సు కంటే గొప్పగా కనిపిస్తుంది. ఆ ప్రసంగాన్ని విన్నవారిలో జాన్ చాడ్విక్ ఒకరు. ఆయన గ్రీకు మాండలికాలు తెలిసినవాడు, యుద్ధంలో శత్రువుల రహస్య సంకేతాలు విప్పినవాడు. రేడియోలో విన్నది వెంటనే నమ్మలేదు, కొట్టిపారేయనూ లేదు. వెంట్రిస్ అక్షర విలువలను సంపాదించి, తానే స్వయంగా పలకల మీద వాటిని వేసి చూశారు. తనకు తెలిసిన ప్రాచీన గ్రీకు వ్యాకరణం ఊహించే రూపాలే వస్తున్నాయని గమనించి, రెండు వారాలు తిరగకుండానే వెంట్రిస్‌కు ఉత్తరం రాశారు. అక్కడి నుంచి ఇద్దరూ కలిసి పనిచేశారు. నేను చదివిన వాటిలో, ఒక ప్రసంగాన్ని ఇంత చక్కగా విన్న శ్రోత మరొకరు లేరు.

అయినా అనుమానాలు మిగిలాయి. లిపి నియమాలు మరీ సడలింపుగా ఉన్నాయనీ, ‘ల’కు ‘ర’కు తేడా చూపకుండా, పదాంతంలోని హల్లులను రాయకుండా వదిలేసే లిపిలో ఏ భాషనైనా చదివేయవచ్చనీ అన్నవారున్నారు. ఆ అభ్యంతరం తేలికైనది కాదు. దానికి సమాధానం మట్టిలోంచే వచ్చింది. పైలోస్‌లో 1952లో దొరికిన ఒక పలకను శుభ్రం చేసిన బ్లెగెన్, కొత్త అక్షర విలువలతో చదివి చూసి, 1953 మేలో వెంట్రిస్‌కు రాశారు. ఆ పలకలో మాటల పక్కనే పాత్రల బొమ్మలు గీసి ఉన్నాయి. ‘తి-రి-పొ-దె’ అని చదివిన చోట మూడు కాళ్ల పాత్ర బొమ్మ, దాని పక్కన రెండు అనే అంకె. నాలుగు పిడుల పాత్ర అని వచ్చిన చోట నాలుగు పిడులు, మూడు అని వచ్చిన చోట మూడు, పిడి లేనిదన్న చోట పిడి లేని గిన్నె. వెంట్రిస్ తన పట్టిక తయారు చేసినప్పుడు ఈ పలకను చూసి ఉండలేదు. 1954లో కోపెన్‌హేగెన్‌లో జరిగిన అంతర్జాతీయ సభలో ఆయన ఈ పలక చిత్రాన్ని తెర మీద చూపగానే, ఇంకా ఒక్క మాటైనా చెప్పకముందే సభంతా చప్పట్లు కొట్టిందని చాడ్విక్ రాశారు. అంత జరిగినా ఎడింబరోలోని బీటీ వంటి పండితులు ఒప్పుకోలేదు, వారి అభ్యంతరాలు అచ్చయ్యాయి, వాటికి సమాధానాలూ అచ్చయ్యాయి. 1956 సెప్టెంబరులో వెంట్రిస్ మోటారు ప్రమాదంలో ముప్పై నాలుగేళ్లకే మరణించారు. చాడ్విక్‌తో కలిసి రాసిన పెద్ద గ్రంథం కొన్ని వారాల తరువాత వెలువడింది.

పలకల్లో కావ్యాలు లేవు. గొర్రెల లెక్కలు, ఉన్ని, నూనె, గోధుమలు, రథాల చక్రాలు ఉన్నాయి. నోసోస్ పలకల్లోని గొర్రెలు అన్నీ కలిపి లక్షకు దగ్గరగా ఉంటాయి. పైలోస్‌లో బట్టల పనిచేసే స్త్రీల జాబితాలు, వారి పిల్లల సంఖ్య, వారికి ఇచ్చే గోధుమలు, అంజూర పండ్ల కొలతలు ఉన్నాయి. ఆ స్త్రీలలో కొందరిని మిలేటస్, నిడోస్, లెమ్నోస్ ప్రాంతాల పేర్లతో పేర్కొన్నారంటే, వారు సముద్రం దాటి తెచ్చినవారై ఉండవచ్చు. రాజుల యుద్ధాల గురించి హోమర్ పాడినదానికంటే ఈ లెక్కల చీటీలే నన్ను ఎక్కువగా కదిలిస్తాయి, ఎందుకంటే ఇంకెక్కడా పేరు మిగలని మనుషులు ఇందులో ఉన్నారు. జోన్స్ చెప్పిన చుట్టరికానికీ ఇక్కడ కొత్త సాక్ష్యం దొరికింది. తరువాతి గ్రీకులో ‘హిప్పోస్’ అయిన గుర్రం పేరు ఈ పలకల్లో ‘ఇ-క్వొ’గా ఉంది. అది లాటిన్ ‘ఎక్వుస్’కు, సంస్కృత ‘అశ్వ’కు ఇంకా దగ్గరగా నిలుస్తుంది.

లీనియర్ ఎ మాత్రం ఇప్పటికీ చదవబడలేదు. దాని గుర్తుల్లో చాలావాటిని బి లిపి విలువలతో పలకవచ్చు. జాబితా చివర మొత్తం వేసే చోట ‘కు-రొ’ అన్న మాట వస్తుందని కూడా తెలుసు, కానీ ఆ భాష ఏదో తేలలేదు. దానిని చదివేశామని చెప్పే ప్రసంగాలు మీకు తరచుగా ఎదురవుతాయి. అలాంటిది వినేటప్పుడు, వక్త తాను పద్ధతి తయారు చేసుకున్న తరువాత దొరికిన పలక మీద దానిని ప్రయత్నించారా, వేరొకరు అదే పద్ధతిని వేసి అదే ఫలితం రాబట్టగలరా, తన అభిప్రాయం తప్పని చూపగల ఆధారం ఎలా ఉంటుందో ఆయన చెప్పారా అని కాగితం మీద రాసుకుంటూ వినండి. ప్రశ్నలకు సమయం ఇస్తే సంకోచించకుండా అడగండి. వచ్చే నెల మీరు వినబోయే ప్రసంగం తరువాత ఆ కాగితాలను నాకూ పంపితే, మీరు రాసుకున్నవాటి మీద మళ్లీ వివరంగా రాస్తాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య